డిస్కు నిదానమా, క్యూ పొడుగా?

"వర్చువల్ మెషీన్ మీదకి మార్చిన దగ్గర్నుంచీ మా డేటాబేస్ నత్తనడక నడుస్తోంది. డిస్కుదే తప్పని మేమంటాం. డిస్కు భేషుగ్గా ఉందని స్టోరేజ్ వాళ్ళంటారు. ఎవరి మాట నమ్మాలి?"

పోయిన సంచిక మీ చేతికి అందాక నాకు వచ్చిన ఈమెయిళ్ళలో మూడు ఈ బాపతువే. ఒక్క ముక్కలో జవాబు కావాలంటే, ఇద్దరి మాటా నమ్మండి. చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతారు. చిక్కంతా అక్కడే ఉంది. అదెలాగో చెప్పడానికి నాకు తెలిసిన ఒక వారం రోజుల కథ చెబుతాను. ఈ వృత్తిలో లేని పాఠకులు పేజీ తిప్పేయకండి. ఇందులో ట్రక్కులున్నాయి, వీసా భయం ఉంది, తిరుమల కూడా ఉంది.

2016 అక్టోబరు. ఒక శనివారం సాయంత్రం, బతుకమ్మ ఆడి వచ్చి మా వాళ్ళు ఇంకా చీరలు మడతలు పెడుతుండగా ఫోను మోగింది. వరంగల్ కుర్రాడు, అంతకు రెండేళ్ళ ముందు మా ఊరి సంక్రాంతి సంబరాల్లో పరిచయం. ఒహాయోలో ఒక కిరాణా సరుకుల టోకు కంపెనీలో కాంట్రాక్టు మీద ఒరాకిల్ డేటాబేస్ చూసుకుంటున్నాడు.

"అన్నా, వచ్చే శుక్రవారం దాకనే టైమిచ్చిన్రు. అప్పటికి తేలకపోతే నన్ను తీసేసి ఇంకొకర్ని పెడ్తరట" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది గాని, వెనకాల వాళ్ళావిడ "ముందు అన్నం తినుండ్రి" అనడం వినబడింది. అప్పుడామెకి ఏడో నెల. ప్రాజెక్టు పోతే హెచ్1బి మీద ఉన్నవాడి పరిస్థితి ఏమిటో మనలో చాలామందికి వివరించక్కర్లేదు. ఉద్యోగం పోయాక 60 రోజుల వెసులుబాటు అనేది 2017 జనవరిలో అమల్లోకి వచ్చిన రూలు. 2016 అక్టోబరులో అది కూడా లేదు.

అసలు జబ్బేమిటంటే, ఆ కంపెనీలో రోజూ తెల్లవారుజామున 4 గంటలకి ఒక ప్రోగ్రాం మొదలవుతుంది. రాత్రి వచ్చిన ఆర్డర్లన్నీ కలిపి, ఏ ట్రక్కులోకి ఏ సరుకు ఎక్కించాలో జాబితాలు తయారుచేస్తుంది. 4:20 కల్లా జాబితాలు గోదాములోకి రావాలి. మూడు వారాలుగా 4:50 దాటితే గాని రావడం లేదు. ట్రక్కులు వరసగా డాక్ దగ్గర నిలబడి ఉంటున్నాయి. ఇక్కడ సరుకు ట్రక్కు డ్రైవరు డ్యూటీ ఎక్కిన 14 గంటల తరవాత బండి నడపకూడదని ఫెడరల్ రూలు. డాక్ దగ్గర ఊరికే కూర్చున్న అరగంట కూడా ఆ 14 గంటల్లోనే పడుతుంది. చివరి కొట్టుకి సరుకు వెళ్ళేసరికి డ్రైవరు గంటలు అయిపోతున్నాయి. కాబట్టి ఇది కంప్యూటరు వాళ్ళ గొడవగా మిగల్లేదు. పైదాకా వెళ్ళింది.

నేను ఆ కంపెనీలో అంతకు ముందు వేరే పని చేసి ఉన్నాను. ఐటీ డైరెక్టరుకి ఫోన్ చేస్తే, "వారం రోజులు వచ్చి చూడు, కానీ నీ స్నేహితుణ్ణి వెనకేసుకు రావద్దు" అన్నాడు. న్యాయమైన షరతే.

సోమవారం పొద్దున మీటింగు. ముగ్గురు మూడు గ్రాఫులు పట్టుకొచ్చారు. స్టోరేజ్ ఆయన, "నా దగ్గరికి వచ్చిన ఏ అభ్యర్థనకైనా 8 మిల్లీసెకన్లలో జవాబిస్తున్నాను" అన్నాడు. తిరిగే డిస్కులున్న పెట్టెకి 8 అంటే తప్పు పట్టాల్సిన అంకె కాదు. వర్చువల్ మెషీన్లు చూసే ఆయన, "రోజు మొత్తం మీద నా వైపు సగటు 4 మిల్లీసెకన్లు కూడా లేదు" అన్నాడు. మన కుర్రాడు ఐఓస్టాట్ చూపించి, "డిస్కు 100 శాతం నిండిపోయింది, ఒక్కో రాతకి 45 మిల్లీసెకన్లు పడుతోంది" అన్నాడు. 8, 4, 45. ఒకే డిస్కు గురించి మూడు అంకెలు. మూడోది చెప్పినవాడు కాంట్రాక్టరు, పైగా కొత్తవాడు. ఎవరి అంకెని అనుమానించారో వేరే చెప్పాలా?

అతని వాదనలో ఒక తప్పు ఉంది, అది ముందే ఒప్పుకోవాలి. ఐఓస్టాట్‌లో కనబడే ఆ 100 శాతం, డిస్కు నిండిపోయిందని కాదు. ఆ పది సెకన్లలో కనీసం ఒక్క అభ్యర్థన అయినా ఎప్పుడూ నడుస్తూనే ఉందని మాత్రమే అర్థం. ఒకే ఒక్క డిస్కు ఉన్న రోజుల్లో ఆ రెండూ ఒకటే. వెనకాల డజన్ల కొద్దీ డిస్కులున్న పెట్టె, ఒకేసారి ఎన్నో పనులు చేసుకోగలదు. 100 శాతం దగ్గర కూడా హాయిగా ఇంకా పని అందుకుంటుంది. ఆ మాట ఐఓస్టాట్ మాన్యువల్లోనే రాసి ఉంది. అదే పట్టీలో సర్వీస్ టైం అని ఇంకో గడి ఉండేది. దాన్ని నమ్మొద్దని కూడా మాన్యువల్లోనే రాసేవారు. చివరికి తీసేశారు, పీడా పోయింది. స్టోరేజ్ ఆయన ఆ 100 శాతాన్ని పట్టుకుని కుర్రాణ్ణి ఉతికేశాడు. ఆ ఉతుకుడులో 45 అనే అంకె కూడా కొట్టుకుపోయింది. నిజంగా చూడాల్సింది అదే.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి ఈ గొడవంతా చెబితే మా ఆవిడ, "తిరుమల క్యూ లాగే ఉందే" అంది. "గర్భగుడి ముందు నిలబడ్డవాళ్ళని అడిగితే ఒక్కో భక్తుడికి రెండు సెకన్లే పడుతోందంటారు. అబద్ధమా? కంపార్ట్‌మెంట్లో కూర్చున్నవాణ్ణి అడిగితే పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నానంటాడు. అదీ నిజమే కదా." పాతికేళ్ళుగా కంప్యూటర్లు నూరుతున్న నాకంటే, బడిలో లెక్కలు చెప్పే మనిషి ముందు చెప్పేసింది. అప్పట్నుంచీ ఈ సంగతి ఎవరికి చెప్పాలన్నా నేను తిరుమలనే వాడుకుంటున్నాను.

వర్చువల్ మెషీన్‌లో ఉన్న డేటాబేస్ ఒక బ్లాకు చదవాలంటే ఆ అభ్యర్థన మూడు చోట్ల ఆగుతుంది. మొదటిది వర్చువల్ మెషీన్ లోపలి లినక్సులోనో విండోస్‌లోనో ఉన్న క్యూ. అది క్యూ కాంప్లెక్స్ బయట, రోడ్డు మీద లైను. రెండోది హైపర్‌వైజర్, అంటే ఒకే సర్వరులో పది ఇరవై మెషీన్లని కాపురం పెట్టించే సాఫ్ట్‌వేర్ దగ్గరి క్యూ. అవి కంపార్ట్‌మెంట్లు. మూడోది స్టోరేజ్ పెట్టె. అది గర్భగుడి. డేటాబేస్‌కి తెలిసేది మొత్తం ప్రయాణం. స్టోరేజ్‌కి తెలిసేది తన ముందుకి వచ్చిన తరవాత సంగతి. నడుమ కంపార్ట్‌మెంట్లో గడిచిన కాలం ఎవరి ఖాతాలోనూ పడదు. అడిగితేనే చెబుతుంది.

అడగడానికి వీఎంవేర్ వాళ్ళ ఈఎస్ఎక్స్‌టాప్ అనే పాత పనిముట్టు ఉంది. చూడ్డానికి ముచ్చటగా ఉండదు, నల్ల తెర మీద అంకెలే. అందులో మూడు గడులు చూస్తే చాలు. డీఏవీజీ అంటే హోస్టు దాటి స్టోరేజ్‌కి వెళ్ళి వచ్చిన కాలం. కేఏవీజీ అంటే హైపర్‌వైజర్ లోపలే గడిచిన కాలం. రెండూ కలిపితే జీఏవీజీ, లోపలి మెషీన్‌కి కనబడేది. కేఏవీజీ మామూలుగా సున్నాకి దగ్గర్లో ఉండాలి. 2 మిల్లీసెకన్లు దాటి అక్కడే నిలబడితే ఎక్కడో కంపార్ట్‌మెంటు తలుపు వేశారన్నమాట.

సోమవారం రాత్రి మేమిద్దరం మూడు చోట్లా పది సెకన్లకొకసారి అంకెలు రాసుకునేలా పెట్టాం. ఆ సగటుల సంగతి ఇక్కడే చెప్పాలి. వర్చువల్ మెషీన్ల ఆయన చూపించిన 4 కూడా అబద్ధం కాదు. ఆయన చూసే వీసెంటర్‌లో 20 సెకన్ల అంకెలు గంట సేపే ఉంటాయి. తరవాత అవి 5 నిమిషాల సగటులౌతాయి, రోజు గడిస్తే అరగంట సగటులు, వారం గడిస్తే 2 గంటల సగటులు, నెల దాటితే రోజుకి ఒక్క అంకె. మార్చుకోకపోతే వచ్చే అమరిక ఇదే. తెల్లవారుజామున 40 నిమిషాల పాటు 32 మిల్లీసెకన్లు, మిగతా వేళల్లో 3 ఉందనుకోండి. రెండు గంటల సగటు వేస్తే 13 లోపు. రోజు సగటు వేస్తే 4 కూడా రాదు. నెల రోజుల కిందటి నొప్పిని వెతుక్కుంటూ వెళ్ళేసరికి సాక్ష్యమంతా ఆవిరైపోయి ఉంటుంది. ఎవరూ చెరపలేదు, సగటులో కరిగిపోయింది. ఒరాకిల్ తనంతట తాను గంటకొకటి చొప్పున తీసి పెట్టే నివేదికకీ ఇదే జబ్బు. గంటలో పది నిమిషాల నరకం అందులో ఒక మాదిరి అసౌకర్యంగా కనబడుతుంది. అందుకని సగటు కాకుండా, ఎన్ని అభ్యర్థనలు ఎంతెంత సేపట్లో అయ్యాయో గుంపులుగా లెక్కపెట్టే హిస్టోగ్రాం చూడడం మంచిది. ఒరాకిల్ దాన్ని లోపల ఉంచుతూనే ఉంటుంది, అడిగేవాళ్ళే తక్కువ.

మంగళవారం మా ఇద్దరికీ పెద్ద అవమానం. తెల్లారి మూడు పట్టీలూ పక్కపక్కన పెట్టుకున్నాం. డేటాబేస్‌కి 4:10 నుంచి 4:50 దాకా జ్వరం. అదే సమయంలో హోస్టు పట్టీలో ఏమీ లేదు, కేఏవీజీ సున్నా. మన కుర్రాడి మొహం పాలిపోయింది. "అన్నా, అయితే తప్పు మనదేనా?" అన్నాడు. నేను కూడా కాసేపు అదే నమ్మాను. ఆ మీటింగు 11 గంటలకి. పదిన్నరకి కాఫీ కలుపుకుంటుండగా తట్టింది: ఈఎస్ఎక్స్ హోస్టులు గడియారాన్ని ఎప్పుడూ యూటీసీలోనే ఉంచుతాయి! అక్టోబరులో ఒహాయో అంతకంటే 4 గంటలు వెనక. మేం హోస్టు పట్టీలో చూస్తున్న 4:10 ముందు రోజు అర్ధరాత్రి సంగతి. పరుగెత్తుకెళ్ళి 8:10 దగ్గర చూస్తే, ఉంది. స్టోరేజ్ పెట్టె గడియారం ఇంకో చోద్యం. దానికి ఎవరూ టైం సర్వరు చూపించలేదు, ఏడు నిమిషాలు ముందుకి పోయి కూర్చుంది. మాస్టర్స్ చదివేటప్పుడు పంచుకున్న గడియారాల మీద ఒక సెమిస్టరు పాఠం విన్నాను. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. ఏం లాభం!

గడియారాలు సరిచేసి బుధవారం మళ్ళీ చూశాం. 45 మిల్లీసెకన్లూ ముక్కలుగా విడిపోయి కనబడ్డాయి. స్టోరేజ్‌లో 8. హైపర్‌వైజర్‌లో 24. మిగతా 13 లోపలి లినక్సు క్యూలో. స్టోరేజ్ ఆయన 8 అక్షరాలా నిజం. కుర్రాడి 45 కూడా అక్షరాలా నిజం. ఆ హోస్టు నుంచి ఆ డేటాస్టోర్‌కి ఒకేసారి 32 అభ్యర్థనలే వెళ్ళగలుగుతున్నాయి. ఇంకో 96 వెనకాల నిలబడి ఉన్నాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క. జాన్ లిటిల్ అనే ఆచార్యుడు 1961లో రుజువు చేసిన సూత్రం. అప్పుడాయన పనిచేసింది కూడా ఒహాయోలోనే, క్లీవ్‌లాండ్‌లో. తరవాత ఎంఐటీకి వెళ్ళాడు. సూత్రం ఇంతే: లోపల ఉన్నవాళ్ళ సంఖ్య, సెకనుకి వచ్చేవాళ్ళ సంఖ్యని ఒక్కొక్కరు ఉండే కాలంతో గుణిస్తే వస్తుంది. గుడికైనా, బ్యాంకుకైనా, డిస్కుకైనా ఒకటే. 32 మందిని లోపలికి వదిలి, ఒక్కొక్కరికి 8 మిల్లీసెకన్లు పడితే సెకనుకి 4000 మంది బయటికి వస్తారు. అంతకంటే ఒక్కరు కూడా ఎక్కువ రారు. ఎంత వేగంగా డేటాబేస్ అడిగినా ఫలితం ఉండదు, అడిగిన కొద్దీ లైను పెరుగుతుంది. 4000ని 32 మిల్లీసెకన్లతో గుణించండి. 128 వస్తుంది. లోపల 32, వెనక 96. మా పట్టీలో అంకెలు ఆ సూత్రంతో సరిపోయినప్పుడు కుర్రాడు బల్ల మీద చిన్నగా చరిచాడు. ఆ వారంలో అతను నవ్వడం నేను చూసింది అప్పుడే.

మరి మూడు వారాల కిందటి దాకా లేని జనం ఒక్కసారిగా ఎక్కణ్ణుంచి వచ్చారు? అదే డేటాస్టోర్ మీద ఒక ఫైల్ సర్వరు కాపురం ఉంది. దాని బ్యాకప్ పూర్వం అర్ధరాత్రి నడిచేది. అర్ధరాత్రి ఇంకో బ్యాకప్‌తో ఢీకొంటోందని దాన్ని 4 గంటలకి జరిపారు. జరిపినవాళ్ళ వైపు నుంచి చూస్తే మంచి నిర్ణయమే. ట్రక్కుల జాబితా ప్రోగ్రాం అనేది ఒకటి ఉందని వాళ్ళకి తెలియదు. బ్యాకప్ 4 కి మొదలై, పది నిమిషాలు ఫైళ్ళ పేర్లు చూసుకుని, 4:10 కి చదవడం మొదలుపెట్టేది. ఆ 32 చోట్లలో సింహభాగం అది ఆక్రమించేది. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు గాని, ఇక్కడ కాకికి పుండు ఉందనే తెలియదు.

తిలా పాపం తలా పిడికెడు. కుర్రాడి పిడికెడు కూడా ఉంది, అది నేను డైరెక్టరు ముందు దాచలేదు. ఆ జాబితాల జావా ప్రోగ్రాం ఆర్డరులో ప్రతి లైనుకీ ఒక కమిట్ చేస్తోంది. కమిట్ అంటే, "రాసింది డిస్కు మీద పడింది" అని ఖాయం చేసుకునేదాకా ప్రోగ్రాం ఆగాలి. రోజుకి 20,000 లైన్లు. ఒక్కో ఆగడం 3 మిల్లీసెకన్లైతే మొత్తం ఒక నిమిషం, ఎవరూ గమనించరు. 45 అయితే పావుగంట. ప్రోగ్రాం అతను రాసింది కాదు, ముందువాళ్ళ దగ్గర్నుంచి సంక్రమించింది. అయినా రెండు నెలలుగా అతని చేతిలో ఉంది, చూసి ఉండాల్సింది. పైగా డేటా, లాగు, టెంపు, అన్ని డిస్కులూ ఒకే వర్చువల్ కంట్రోలరుకి తగిలించి ఉన్నాయి. బయట రోడ్డు మీద ఆ 13 మిల్లీసెకన్ల లైనుకి కారణం అదే. ఆ పాత రకం కంట్రోలరు ఒక్కో డిస్కుకి 32 అభ్యర్థనల దాకానే పట్టుకుంటుంది. వీఎంవేర్ వాళ్ళ సొంత పీవీస్కజీ కంట్రోలరైతే మామూలుగానే 64, కావాలంటే 254 దాకా.

గురువారం తెల్లవారుజామున ఒక్క పని చేశాం. బ్యాకప్‌ని ఆ ఒక్క రోజుకి ఆపించాం. ఇంకేమీ ముట్టుకోలేదు. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు, మళ్ళీ వాదన మొదటికొస్తుంది. జాబితాలు 4:22 కి వచ్చాయి. గోదాము సూపర్‌వైజరు ఫోన్ చేసి, "ఇవాళ ఏమైనా తప్పు జరిగిందా, ఇంత తొందరగా వచ్చాయి?" అని అడిగాడు.

శుక్రవారం మీటింగులో మేం ఎవర్నీ వేలెత్తి చూపించలేదు. ఒకే కాగితం మీద, ఒకే గడియారంతో, మూడు గీతలు ఒకదాని కింద ఒకటి గీసి పెట్టాం. స్టోరేజ్ ఆయన చాలాసేపు చూసి, "నేను చెప్పిన 8 తప్పు కాదుగా" అన్నాడు. కాదన్నాం. ఆ మాట అన్నాక ఆయన కూడా మా పక్కకి వచ్చాడు. లాగు డిస్కులకి వేరే డేటాస్టోర్ ఆయనే అడక్కుండా ఇచ్చాడు. బ్యాకప్ 6 గంటలకి జరిగింది, కంట్రోలరు మారింది, కమిట్లు 500 లైన్లకి ఒకటి అయ్యాయి. కుర్రాడి కాంట్రాక్టు నిలబడింది. జనవరిలో ఆడపిల్ల పుట్టింది.

ఉత్తరాలు రాసిన ముగ్గురికీ నేను చెప్పేది, ముందు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో కొలిచి పెట్టుకోండి. జ్వరం వచ్చాక మామూలు వేడి ఎంతో అడిగితే ఎవరు చెబుతారు? ఆ కంపెనీలో మూడు వారాల ముందటి సన్నని అంకెలు ఒక్కటీ లేవు. ఉండి ఉంటే మా పని ఒక్క పూటలో అయిపోయేది. మీది ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే, ఫైలు ఫైలుకీ ఎంతసేపు ఆగిందో లోపల లెక్క ఉంటుంది. కానీ అది సర్వరు లేచినప్పటి నుంచి మొత్తం కూడిక. కాసేపటికొకసారి తీసి తేడా చూసుకోకపోతే అది కూడా ఇంకో సగటే. పోస్ట్‌గ్రెస్ అయితే చదవడానికి పట్టిన కాలం కొలిచే స్విచ్ మామూలుగా ఆపి ఉంటుంది, వేసుకోవాలి.

ఇంకో మాట. డిస్కు జవాబు ఇచ్చినా లోపలి మెషీన్‌కి తెలియడం ఆలస్యం కావచ్చు. హోస్టులో సీపీయూ కోసం పోటీ ఎక్కువైతే మన మెషీన్ కాసేపు నిద్రలో ఉంటుంది. జవాబు గుమ్మం దగ్గర నిలబడే ఉంటుంది. లేచాక చూసుకుని, డిస్కు ఇంతసేపు చేసిందని రాసుకుంటుంది. అలాంటప్పుడు లోపలి అంకె పెద్దగానూ, హోస్టు అంకె చిన్నగానూ కనబడతాయి. అప్పుడు డిస్కు వదిలేసి సీపీయూ రెడీ సమయం చూడాలి. స్నాప్‌షాట్ తీసి మర్చిపోయిన మెషీన్ల సంగతి రాయాలంటే వేరే సంచిక కావాలి. వీఎంవేర్ వాళ్ళే మూడు రోజులకి మించి ఉంచొద్దంటారు. నేను పద్నాలుగు నెలలది చూశాను.

2023 నవంబరులో వీఎంవేర్ బ్రాడ్‌కామ్ చేతిలోకి వెళ్ళాక చాలా కంపెనీలు వేరే హైపర్‌వైజర్లకి, క్లౌడుకి మారుతున్నాయి. పనిముట్ల పేర్లు మారతాయి. క్యూలు మాత్రం అవే. కాకపోతే క్లౌడులో కంపార్ట్‌మెంటు తలుపు డబ్బులు పెట్టి మనమే కొనుక్కుంటాం.

మన వరంగల్ కుర్రాడు, ఇప్పుడు డాలస్‌లో ఇల్లు కొనుక్కున్న పెద్దమనిషి, ఆమధ్య మళ్ళీ ఫోన్ చేశాడు. "అన్నా, అమెజాన్ల డేటాబేస్ పెట్టినం. టెస్టుల మస్తు ఉరుకుతది. అరగంటకి గుడ్లు తేలేస్తది" అన్నాడు. డిస్కు ఏ రకమని అడిగాను. జీపీ2, 100 జీబీ. ఆ రకానికి జీబీకి సెకనుకి 3 అభ్యర్థనల చొప్పున హక్కు, అంటే 300. కానీ మొదట్లో 54 లక్షల క్రెడిట్లు చేతిలో పెట్టి, అవి ఉన్నంతసేపు 3000 దాకా పరుగెత్తనిస్తారు. 3000 ఖర్చు చేస్తూ 300 సంపాదిస్తుంటే సెకనుకి 2700 కరుగుతాయి. సరిగ్గా 2000 సెకన్లకి, అంటే 33 నిమిషాలకి జేబు ఖాళీ. 2020 డిసెంబరులో వచ్చిన జీపీ3కి ఈ క్రెడిట్ల గొడవ లేదు, ఎంత చిన్న డిస్కుకైనా 3000 ఖాయం. ఈ లెక్క నేను పూర్తిగా చెప్పకముందే అతను, "క్రెడిట్ బ్యాలెన్స్ గ్రాఫు తీసిన అన్నా, సున్నాకొచ్చింది, జీపీ3కి మార్చిన కూడా. నువ్వేమంటవో ఇందామని చేసిన" అన్నాడు. ఫోను వెనకాల పాప వాళ్ళమ్మతో ఇంగ్లీషులో ఏదో దెబ్బలాడుతోంది.

మీ ప్రశ్నలు పంపిస్తూ ఉండండి. గ్రాఫులు జతచేసేవాళ్ళు మాత్రం దయచేసి పక్కన ఏ టైం జోనో రాయండి.